మళ్ళీ పోటీకి దిగే అధ్యక్షుడు తన ఉపాధ్యక్షుణ్ణి మార్చుకోవాలా?

అమెరికా అధ్యక్షుడు రెండోసారి పోటీ చేసేటప్పుడు, మొదటిసారి తనతో కలిసి గెలిచిన ఉపాధ్యక్షుణ్ణి పక్కన పెట్టి కొత్త వ్యక్తిని తీసుకోవడం మంచిదేనా, దానివల్ల ఓట్లు పెరుగుతాయా అని మీరు అడిగారు. ఓట్ల కోసమే అయితే మార్చకూడదని నా అభిప్రాయం. తనకు రేపు ఏమైనా జరిగితే ఆ బాధ్యతను మోయగల మనిషి ఇతను కాదని అధ్యక్షుడికి నిజంగా అనిపిస్తే మాత్రం, ఎంత ఇబ్బందికరమైనా తప్పక మార్చాలి.

ఈ అభిప్రాయం నాకు మొదటి నుంచీ ఉన్నది కాదు. నేను వర్జీనియా రాష్ట్రంలోని లౌడన్ కౌంటీలో, ఆష్‌బర్న్‌లో ఉంటాను. 2011లో పౌరసత్వం తీసుకున్నాను. 2012లోనూ, 2024లోనూ వారాంతాల్లో డెమొక్రటిక్ పార్టీ తరఫున ఇంటింటికీ తిరిగాను కాబట్టి నా మొగ్గు ఎటో ముందే చెప్పడం న్యాయం. 2012లో ఒబామా గారు రెండోసారి పోటీ చేస్తున్నప్పుడు, బైడెన్ గారి స్థానంలో హిల్లరీ క్లింటన్ గారిని తీసుకుంటే బాగుంటుందని పత్రికల్లో చర్చ నడిచింది. నేనూ అదే మాట గట్టిగా నమ్మాను. మా బృందాన్ని నడిపే యువకుడితో ఆ విషయంపై చాలాసేపు వాదించాను. అతను ఓపికగా విని, ముందు నెల రోజులు తలుపులు తట్టి రండి, ఆ తర్వాత మాట్లాడుకుందాం అన్నాడు.

నెల రోజులూ తిరిగాను. ఓటర్ల జాబితా బిగించిన అట్ట చేతిలో పట్టుకుని వెళ్తే, తలుపు తీసినవాళ్ళు ఆరోగ్య బీమా గురించి, 2008 తర్వాత విలువ పడిపోయిన ఇళ్ళ గురించి, పిల్లల కాలేజీ ఫీజుల గురించి అడిగారు. అధ్యక్ష ఎన్నికకు సంబంధం లేకపోయినా, మెట్రో సిల్వర్ లైన్ ఆష్‌బర్న్ దాకా వస్తుందా రాదా అని కూడా అడిగారు. ఉపాధ్యక్షుడి ప్రస్తావన తెచ్చింది నాకు గుర్తున్నంతవరకు ఒక్క రిటైరైన ఉపాధ్యాయురాలే. హిల్లరీ గారు రావడం లేదా అని ఆమె అడిగారు, లేదన్నాను, వస్తే మీ ఓటు మారేదా అని అడిగితే ఆమె ఒక క్షణం ఆలోచించి, నా ఓటు ఒబామాకే కదా, అది ఎలా మారుతుంది అన్నారు. ఎన్నికలు ముగిసిన మరుసటి ఏడాది బయటికి వచ్చిన సంగతి ఏమిటంటే, ఒబామా ప్రచార బృందం కూడా ఈ మార్పు గురించి రహస్యంగా సర్వేలు చేయించి, దానివల్ల చెప్పుకోదగ్గ లాభం లేదని తేల్చుకుని ఆ ఆలోచన మానుకుంది. నేను గుమ్మాల దగ్గర విన్నదే వాళ్ళకూ అంకెల్లో కనిపించిందన్నమాట.

ఇక్కడ ఒక విషయం స్పష్టం చేయాలి. అధ్యక్షుడు తన మంత్రులను తొలగించినట్టు ఉపాధ్యక్షుణ్ణి తొలగించలేడు, ఎందుకంటే ఆయన కూడా నాలుగేళ్ళకు ఎన్నికైనవాడే. మార్చగలిగేది తర్వాతి ఎన్నికకు నిలబెట్టే జోడీని మాత్రమే. లాంఛనంగా ఆ పేరును ఖరారు చేసేది పార్టీ మహాసభ, అయితే ఇప్పుడు అధ్యక్షుడు చెప్పిన పేరే ఖాయమవుతుంది. అందువల్ల పక్కన పెట్టిన మనిషి ఆ తర్వాత కూడా నెలల తరబడి అదే పదవిలో, అధ్యక్షుడి పక్కనే కొనసాగుతాడు. ఆ నెలలు ఎలా ఉంటాయో తెలుసుకోవాలంటే 1975 నాటి కథ చూడాలి.

జెరాల్డ్ ఫోర్డ్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు ఉపాధ్యక్షుడు నెల్సన్ రాక్‌ఫెల్లర్. ఆయన న్యూయార్క్ గవర్నర్‌గా వరుసగా నాలుగుసార్లు ఎన్నికైనవాడు, రిపబ్లికన్ పార్టీలో ఉదారవాద వర్గానికి పెద్ద దిక్కు. పార్టీలోని సంప్రదాయవాదులకు ఆయనంటే గిట్టదు. వాళ్ళ అభిమాన నాయకుడు రోనాల్డ్ రీగన్ అధ్యక్షుడి మీదే పోటీకి సిద్ధమవుతున్నాడు. ఫోర్డ్ ప్రచార బాధ్యుడు బో కాల్అవే, రాక్‌ఫెల్లర్ వల్ల నష్టమే తప్ప లాభం లేదని బహిరంగంగానే సూచనలు చేస్తూ వచ్చాడు. చివరికి 1975 నవంబరు 3న, 1976 టికెట్‌కు తనను పరిగణించవద్దని రాక్‌ఫెల్లర్ లేఖ ఇచ్చాడు. పేరుకు అది స్వచ్ఛందం, అసలు సంగతి అందరికీ తెలుసు. అవసరం తీరాక కరివేపాకులా తీసి పక్కన పడేశారు.

దానివల్ల ఫోర్డ్‌కు దక్కింది ఏమిటి? రీగన్‌ను ఆపడమే ఉద్దేశమైతే, అదే నెల 20న ఆయన పోటీని ప్రకటించేశాడు. కాన్సాస్ సిటీ మహాసభలో ఫోర్డ్ 1187కు 1070 ఓట్లతో, చావు తప్పినట్టు గట్టెక్కాడు. రాక్‌ఫెల్లర్ స్థానంలో బాబ్ డోల్‌ను తీసుకుని నవంబరులో జిమ్మీ కార్టర్ చేతిలో రాష్ట్రాల వారీగా లెక్కించే ఎలక్టోరల్ ఓట్లలో 297కు 240తో ఓడిపోయాడు. ఆ 297లో 41 ఓట్లు న్యూయార్క్ రాష్ట్రానివి. ఆ ఒక్క రాష్ట్రం ఫోర్డ్ వైపు మళ్ళి ఉంటే అధ్యక్షుడు ఆయనే. రాక్‌ఫెల్లర్ ఉంటే న్యూయార్క్ తప్పక వచ్చేదని నేను అనను, అలా రుజువు చేయడం ఎవరి తరమూ కాదు. కానీ ఓట్ల లెక్కతో చేసిన పని ఓట్ల లెక్కలోనే తప్పింది. తన ఉపాధ్యక్షుడికి అండగా నిలబడకపోవడం పిరికితనమని ఫోర్డ్ తర్వాతి కాలంలో స్వయంగా ఒప్పుకున్నాడు. నిజాయితీపరుడని ప్రత్యర్థులు కూడా మెచ్చుకున్న మనిషి, జీవితాంతం ఆ ఒక్క విషయాన్ని మనసులో మోశాడంటే నాకు బాధగానే ఉంటుంది.

ఓట్ల కోసం మార్చి ఎన్నికలో గెలిచినవాళ్ళు లేరా అంటే ఉన్నారు, అందులో అందరికన్నా పెద్ద పేరు అబ్రహాం లింకన్‌దే. నా దృష్టిలో అది ఫోర్డ్ ఓటమి కన్నా పెద్ద హెచ్చరిక. 1864లో, దక్షిణాది రాష్ట్రాలు దేశం నుంచి విడిపోయి సాగిన అంతర్యుద్ధం మధ్యలో ఎన్నికలు వచ్చాయి. మొదటి నాలుగేళ్ళూ ఉపాధ్యక్షుడిగా ఉన్న మెయిన్ రాష్ట్రానికి చెందిన హానిబల్ హామ్లిన్‌ను వదిలేసి, బాల్టిమోర్ మహాసభ టెనెసీకి చెందిన ఆండ్రూ జాన్సన్‌ను ఎంచుకుంది. ఈ మార్పులో లింకన్ చేయి ఎంత అన్నదానిపై చరిత్రకారులకు ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. కారణం మాత్రం స్పష్టమే. లింకన్ రిపబ్లికన్ అయితే జాన్సన్ డెమొక్రాట్, దక్షిణాదివాడు, తన రాష్ట్రం విడిపోయినా సెనేట్‌లో దేశం పక్షాన నిలిచినవాడు. అటువంటి పేరు జోడిస్తే యుద్ధాన్ని సమర్థించే డెమొక్రాట్ల ఓట్లు వస్తాయనుకున్నారు. ఆయన అధ్యక్షుడైతే ఏం చేస్తాడన్నదానికి ఆ లెక్కలో చోటు దొరకలేదు.

1865 మార్చి 4న ప్రమాణ స్వీకారం జరిగింది. 42 రోజులకు, తుపాకి దెబ్బతో లింకన్ కన్నుమూశాడు. బానిసత్వం నుంచి అప్పుడే బయటపడిన లక్షలాది మంది నల్లజాతి ప్రజల భవిష్యత్తు జాన్సన్ చేతిలో పడింది. వారికి పౌరహక్కులు కల్పించే 1866 నాటి బిల్లును ఆయన వీటో చేస్తే, కాంగ్రెస్ ఆ వీటోను తోసిపుచ్చి చట్టం చేయవలసి వచ్చింది. 1868లో అభిశంసనకు గురై, సెనేట్‌లో ఒక్క ఓటు తేడాతో పదవి నిలుపుకున్నాడు. హామ్లిన్ బానిసత్వానికి గట్టి వ్యతిరేకి. ఆయనే ఉపాధ్యక్షుడిగా కొనసాగి ఉంటే ఆ తొలి సంవత్సరాలు ఎలా ఉండేవోనని ఆ కాలపు చరిత్ర చదివిన ప్రతిసారీ అనిపిస్తుంది.

ఇప్పుడు రెండో రకం మార్పు గురించి చెప్పాలి. 1944 మార్చిలో బెథెస్డా నౌకాదళ ఆసుపత్రిలో ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్‌ను పరీక్షించిన డాక్టర్ హోవర్డ్ బ్రూయన్, ఆయన గుండె బలహీనపడిందని, రక్తపోటు ప్రమాదకర స్థాయిలో ఉందని గుర్తించాడు. ప్రజలకు ఆ విషయం చెప్పలేదు. దగ్గరగా చూస్తున్న పార్టీ పెద్దలకు మాత్రం నాలుగో పదవీకాలం ఆయన పూర్తి చేయలేడన్న భయం పట్టుకుంది. అప్పటి ఉపాధ్యక్షుడు హెన్రీ వాలెస్. అంటే వాళ్ళు ఎంచుకోబోయేది పేరుకు ఉపాధ్యక్షుణ్ణి, వాస్తవానికి తర్వాతి అధ్యక్షుణ్ణి. వాలెస్ ఆ పదవికి తగడని వాళ్ళు బలంగా నమ్మారు. ఆ నమ్మకం సరైనదేనా అన్నది వేరే చర్చ, కార్మిక సంఘాల్లో, పార్టీ కార్యకర్తల్లో వాలెస్‌కు ఎంతో ఆదరణ ఉండేది. చికాగో మహాసభలో మొదటి విడత ఓటింగ్‌లో ఆయనే ముందున్నాడు కూడా. రెండో విడతలో మిస్సోరీ సెనేటర్ హ్యారీ ట్రూమన్ గెలిచాడు. 1945 ఏప్రిల్ 12న, నాలుగో పదవీకాలం మొదలైన 82 రోజులకు, రూజ్వెల్ట్ మరణించాడు.

వాళ్ళు వేసుకున్న ప్రశ్న సరైనది కాబట్టే ఈ మార్పును నేను సమర్థిస్తాను. అదే సమయంలో, మార్చిన తర్వాత రూజ్వెల్ట్ చేసిన పని నాకు ఎప్పటికీ మింగుడు పడదు. ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉన్న అధ్యక్షుడు, యుద్ధం నడుస్తుండగా, తన వారసుణ్ణి ముఖ్యమైన చర్చలకు దూరంగా ఉంచాడు. అణుబాంబు తయారవుతోందన్న సంగతి ట్రూమన్‌కు తెలిసింది ప్రమాణ స్వీకారం చేసిన తర్వాతే. యుద్ధ మంత్రి హెన్రీ స్టిమ్సన్ ఆ సాయంత్రం క్లుప్తంగా ఒక మాట చెప్పి, ఏప్రిల్ 25న పూర్తి వివరాలు ఇచ్చాడు. తగిన మనిషిని తెచ్చుకుని అతనికి పని నేర్పకపోతే, ఆ మార్పు సగంలో ఆగినట్టే. ఈ లోపాన్ని చాలావరకు సరిదిద్దింది కార్టర్. ఆయన వాల్టర్ మాండేల్‌కు వైట్ హౌస్‌లో అధ్యక్షుడి కార్యాలయం ఉండే వెస్ట్ వింగ్‌లోనే కార్యాలయం ఇచ్చి, అన్ని సమాచారాలూ అందేలా చూశాడు. ఉపాధ్యక్షులు ఈనాడు పాలనలో భాగస్వాములుగా ఉండడం అక్కడి నుంచి గట్టిపడిన పద్ధతే.

మార్చాలో వద్దో తేల్చకుండా నానబెట్టడం అన్నిటికన్నా చెడ్డదని నేను అనుకుంటాను. 1955 సెప్టెంబరులో గుండెపోటు వచ్చిన ఐసెన్‌హోవర్, ఆ తర్వాత రిచర్డ్ నిక్సన్‌ను పిలిచి, ఉపాధ్యక్ష పదవి వదిలి మంత్రి పదవి తీసుకుంటే నీకే మంచిదని సూచించాడు. ఉండమనీ అనలేదు, పొమ్మనీ అనలేదు, నీ దారి నువ్వు చూసుకోమన్నట్టు వదిలేశాడు. నిక్సన్ ఏప్రిల్ దాకా ఆ అనిశ్చితిలో నలిగి, చివరికి తానే పోటీలో ఉంటానని ప్రకటించాడు. గుండెపోటు వచ్చిన అధ్యక్షుడు వారసుడి గురించి ఆలోచించడం తప్పు కాదు, అది ఆయన ధర్మం. నిక్సన్ తగినవాడు కాదని అనిపిస్తే ఆ మాట ఆయనతో నేరుగా చెప్పి ఉండవలసింది.

నా రెండో అనుభవం 2024 నాటిది. అదే ఆష్‌బర్న్, దాదాపు అవే వీధులు, పన్నెండేళ్ళు గడిచాయి. మే, జూన్ నెలల్లో శనివారాలు తిరిగినప్పుడు తెలుగు ఇళ్ళలోనూ, ఇతరుల ఇళ్ళలోనూ నన్ను అడిగిన మొదటి ప్రశ్నల్లో ఒకటి అప్పటి అధ్యక్షుడు బైడెన్ గారి ఉపాధ్యక్షురాలు కమలా హారిస్ గారి గురించే. ఒక ఇంట్లో, మనవల కోసం వచ్చి ఇక్కడే స్థిరపడి, పౌరసత్వం పొంది, జీవితంలో మొదటిసారి అమెరికాలో ఓటు వేయబోతున్న ఒక పెద్దాయన నన్ను కూర్చోబెట్టి, బాబూ, ఈయనకు ఏమైనా అయితే ఆవిడ నడపగలరా అని సూటిగా అడిగారు. సెనేట్‌లో సమానంగా చీలిన ఓట్లను తేల్చడానికి ఆమె 33 సార్లు ఓటు వేశారని, పంతొమ్మిదో శతాబ్దపు ఉపాధ్యక్షుడు జాన్ కాల్హౌన్ పేరిట ఉన్న పాత రికార్డును దాటారని నేను చెప్పాను. ఆయన వినయంగానే, అది నాకు అర్థమైంది, నేను అడిగింది అది కాదు అన్నారు. ఆయన అడిగిందే సరైన ప్రశ్న. నా దగ్గర ఉన్న కాగితంలో దానికి జవాబు రాసి లేదు.

2012లో ఎవరూ అడగనిది 2024లో అందరూ ఎందుకు అడిగారంటే, అధ్యక్షుడి వయసు 81. ఓటరు ఉపాధ్యక్షుడి వైపు చూసేది అధ్యక్షుడి ఆరోగ్యంపై బెంగ పుట్టినప్పుడే. 2023లో హారిస్ గారిని మార్చాలని రాసినవాళ్ళు ఉన్నారు. ఆమెను మార్చినా ఆ బెంగ తీరేది కాదని నాకు అప్పుడే అనిపించింది, ఎందుకంటే అది ఆమె గురించి మొదలైంది కాదు. జూలై 21న బైడెన్ గారే తప్పుకున్నారు, ఎన్నికలకు 107 రోజులు ఉండగా ఆమె అభ్యర్థి అయ్యారు, నవంబరులో ఓడిపోయారు. ఓటమికి కారణాలు చాలా ఉన్నాయి. అయితే నాలుగేళ్ళ పాటు ఆమెను వారసురాలిగా ప్రజల ముందు ఇంకా స్పష్టంగా నిలబెట్టి ఉంటే, ఆ పెద్దాయనకు నేను అంతగా తడుముకోవలసి వచ్చేది కాదు.

అదే జూలైలో ట్రంప్ గారు జేడీ వాన్స్‌ను ఉపాధ్యక్ష అభ్యర్థిగా ఎంచుకున్నప్పుడు, వాన్స్ భార్య ఉషా చిలుకూరి పూర్వీకులది పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరు అని తెలిసి, మా బంధువులు ఇండియా నుంచి వరుసగా ఫోన్లు చేశారు. సంతోషం సహజమే. కానీ ఆ వారం రోజులూ మా ఇంట్లో జరిగిన సంభాషణల్లో వాన్స్ అధ్యక్షుడైతే ఎలా పాలిస్తాడన్న మాట దాదాపు రాలేదు.

ఇరవై రెండో రాజ్యాంగ సవరణ ప్రకారం ఎవరూ రెండుసార్లకు మించి అధ్యక్షుడిగా ఎన్నిక కాలేరు కాబట్టి, 2028లో ట్రంప్ గారికి ఈ ప్రశ్న ఎదురుకాదు. 2028లో గెలిచినవారు మొదటిసారి అధ్యక్షులై, మళ్ళీ పోటీ చేయదలిస్తే 2032లో ఎదురవుతుంది. అప్పటి అధ్యక్షుడు నన్ను అడిగితే, మూడో ఏడాది ముగిసేలోపే తేల్చుకోమంటాను. సర్వే నివేదికలు పక్కన పెట్టి, గత మూడేళ్ళలో తన గదిలో జరిగిన చర్చలను గుర్తు చేసుకుని, ఆ మనిషి అక్కడ ఎలా ఆలోచించాడో, ఎప్పుడు నోరు విప్పాడో, ఎప్పుడు తనతో విభేదించాడో చూసుకోమంటాను. తగినవాడనిపిస్తే వెంటనే బహిరంగంగా చెప్పి ఊహాగానాలకు తెర దించాలి. తగడనిపిస్తే, పత్రికల వాళ్ళ కన్నా ముందు, ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆ మాట ఆ మనిషికే చెప్పాలి.