నెట్‌వర్క్ పరిశోధనకు వెళ్తున్న మా అమ్మలుకి

సత్యనారాయణపురం,
విజయవాడ.

అమ్మలూ,

ఉద్యోగం మానేసి మద్రాసు ఐఐటీలో పీహెచ్‌డీకి చేరుతున్నావని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. "నువ్వైనా చెప్పక్కా, పెళ్లి వయసులో ఈ చదువేంటి" అని దాని గోల. ఫోన్ పెట్టేశాక వంటింట్లో అలా నిలబడిపోయాను, పాలు పొంగిపోయినా చూసుకోలేదు. ఇరవై రెండేళ్లు కంప్యూటర్ నెట్‌వర్క్స్ పాఠం చెప్పినదాన్ని. మన ఇంటి పిల్ల ఒకతి అదే దారి పడుతుందని ఏనాడూ అనుకోలేదు. మీ అమ్మ సంగతి నాకొదిలెయ్, నేను సర్దిచెప్తాను.

మామూలు జాగ్రత్తలు నీకు తెలిసినవే. రోజూ తేదీ వేసి నోట్సు రాసుకో. డేటా రెండు చోట్ల దాచు. గైడు మీద కోపం వస్తే ఆ రాత్రే మెయిల్ కొట్టకు, తెల్లారనీ. ఇంటర్నెట్‌కి పునాది వేసిన వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ 1974లో రాసిన పేపరు ఎవరో రాసిన సారాంశంలో కాదు, అసలుదే తెచ్చుకుని చదువు. వేళకి తిను.

ఇక అసలు మాట. ఇది పూర్తిగా మీ పెదనాన్నకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

2002లో నేను పాఠాలు చెప్పుకుంటూనే పీహెచ్‌డీ చేస్తున్నాను. అప్పట్లో అందరికీ అడ్‌హాక్ నెట్‌వర్కుల మోజు. టవర్లు అక్కర్లేకుండా పరికరాలే ఒకదాని ప్యాకెట్లు, అంటే డేటా ముక్కలు, ఒకటి అందించుకుంటూ పోవడం. ఆ ప్యాకెట్లు ఏ దారిన పోవాలో తేల్చే రౌటింగ్ ప్రోటోకాల్ ఒకటి తయారుచేశాను. నెట్‌వర్కుని కంప్యూటర్‌లోనే నడిపి చూసే ఎన్‌ఎస్-2 సిమ్యులేటర్‌లో 50 నోడ్లు, అంటే ఉత్తుత్తి పరికరాలు, పెట్టి, శనివారం సాయంత్రం ల్యాబ్‌లో నడవనిచ్చి ఆదివారం పొద్దున వెళ్లి చూసేదాన్ని. మధ్యలో కరెంటు పోయిందా, మళ్లీ మొదటికొచ్చేది. నోడ్ల కదలికకి అందరూ వాడే ర్యాండమ్ వేపాయింట్ పద్ధతే వాడాను. ప్రతి నోడూ ఎక్కడో ఒక గమ్యం ఎంచుకుని, సెకనుకి సున్నా నుంచి 20 మీటర్ల లోపు ఏదో ఒక వేగంతో బయల్దేరుతుంది. చేరాక మళ్లీ కొత్త గమ్యం, కొత్త వేగం.

ఫలితం చూసి పొంగిపోయాను. టైము గడిచేకొద్దీ దారిలో గల్లంతయ్యే ప్యాకెట్లు తగ్గిపోతున్నాయి! నా ప్రోటోకాల్ నడిచేకొద్దీ నేర్చుకుంటోందని రాసేశాను. పోలికకి పెట్టిన ఏఓడీవీ అనే పాత ప్రోటోకాల్‌ని 100 సెకన్లు నడిపి ఆపేశాను, నాదాన్ని 900 సెకన్లు నడిపాను. మెషీన్లు ఖాళీగా దొరకవని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

అంతకంటే బాధేమిటంటే, తప్పు నా కంటికి ముందే కనపడింది. పేపరు పంపే ముందు వారం యానిమేషన్ పెట్టుకుని చూశాను. మొదట్లో తెర మీద చుక్కలు చక్కెర చుట్టూ చీమల్లా పరుగులు పెడుతున్నాయి. 800 సెకన్లు దాటాక చాలా వరకు కదులుతున్నాయో లేదో తెలియనట్టు ఉన్నాయి. కుడివైపు మూల నుంచి బయల్దేరిన ఒక చుక్క, నేను కిందికి వెళ్లి టీ తాగి వచ్చేసరికి బొటనవేలి మందం కూడా జరగలేదు. మెషీన్ మీద లోడ్ ఎక్కువైందేమో అనుకుని తెర కట్టేసి ఇంటికొచ్చేశాను.

2003లో మిషిగన్ యూనివర్సిటీ నుంచి యూన్, లియు, నోబుల్ అనే ముగ్గురి పేపరు వచ్చింది. నేను చదివింది మరుసటేడు. కనీస వేగం సున్నా అని పెడితే, దూరపు గమ్యానికి బాగా తక్కువ వేగం తగిలిన నోడు ఆ ప్రయాణంలోనే చిక్కుకుపోతుంది. వేగంగా వెళ్లేవి త్వరగా చేరిపోయి మళ్లీ చీటీ తీస్తాయి, ఎప్పుడో ఒకప్పుడు వాటికీ ఆ పాడు చీటీయే వస్తుంది. అలా సగటు వేగం పడిపోతూనే ఉంటుంది. నోడ్లు కదలకపోతే దారులు తెగవు, దారులు తెగకపోతే ప్యాకెట్లు గల్లంతు కావు. నా ప్రోటోకాల్ ఏమీ నేర్చుకోలేదమ్మా.

అప్పటికే నా పేపరు అచ్చయింది. దాన్ని నమ్ముకుని మా ఎం.టెక్. కుర్రాడొకడు ఆరు నెలలు పనిచేశాడు. తెనాలి నుంచి రోజూ రైల్లో వచ్చేవాడు. అతను కనీస వేగం సెకనుకి ఒక మీటరు పెట్టుకున్నాడు, అందుకే నా గ్రాఫు అతనికి రాలేదు. "మేడమ్, మీ ఫలితం నాకు రావట్లేదు" అని మూడుసార్లు వచ్చి అడిగాడు. మూడుసార్లూ "నీ కోడ్ చూసుకో" అన్నాను. తప్పు నాదని చెప్పిన రోజు నన్ను పల్లెత్తు మాట అనలేదు, నోట్‌బుక్ మూసుకుని వెళ్లిపోయాడు. దానికి అట్టగా వేసిన క్యాలెండరు కాగితం నాకిప్పటికీ గుర్తే.

అందుకే చెప్తున్నాను. పోల్చే రెండింటినీ ఒకే కాలం, ఒకే తీరున నడుపు. ర్యాండమ్ అంకెలకి మొదలైన సీడ్ మార్చి మార్చి నడుపు. కదలిక ఇంకా కుదురుకోని మొదటి సెకన్ల లెక్క తీసెయ్. నీ ఫలితం రావట్లేదని ఎవరైనా అంటే ముందు నీ ఫైళ్లు తెరువు.

1986 అక్టోబరులో లారెన్స్ బర్కిలీ ల్యాబ్‌కీ బర్కిలీ యూనివర్సిటీకీ మధ్య లింకు సెకనుకి 32 కిలోబిట్ల నుంచి 40 బిట్లకి పడిపోయింది. మధ్య దూరం 400 గజాలు, పాలప్యాకెట్టుకి వెళ్లొచ్చేంత! ఆ ల్యాబ్‌లో పనిచేసే వాన్ జాకబ్సన్ దాన్ని చూసి నాలా తెర కట్టేయలేదు. ఇంత అధ్వాన్నంగా ఎందుకైందని పట్టుకు కూర్చున్నాడు. 1988లో ఆయన రాసిన కంజెషన్ కంట్రోల్, అంటే రద్దీని అదుపుచేసే పద్ధతి, ఇంటర్నెట్‌లో డేటాని భద్రంగా చేర్చే టీసీపీకి ప్రాణం పోసింది. నీ చేతిలో ఫోన్ ఈరోజుకీ ఆ ఆలోచన మీదే బతుకుతోంది.

ఇంకో దిగులుంది. నీ అంశం ఎస్‌డీఎన్, అంటే నెట్‌వర్కుని ఒక చోటి సాఫ్ట్‌వేర్‌తో నడిపించడం, అని మీ అమ్మ కూడబలుక్కుని చెప్పింది. స్విచ్‌లకి కంట్రోలర్ ఆదేశాలు చేర్చే ఓపెన్‌ఫ్లో 2008లో వచ్చినప్పటి నుంచీ దాన్ని నేనూ ఇష్టంగానే చదివాను. స్విచ్‌లు చెప్పినట్టు ప్యాకెట్లు పంపుతాయి, ఆలోచన కంట్రోలర్‌ది. మరి ఆ కంట్రోలర్ మునిగిపోతే? 2024 సెప్టెంబరు మర్చిపోయావా? బుడమేరు సింగ్ నగర్ మీద పడ్డప్పుడు, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు, మీ అమ్మానాన్నలకి రెండు రోజులు ఫోన్ కలవలేదు. నువ్వు హైదరాబాదులో ఏడుస్తూ నాకు చేశావు, నేనిక్కడ ఫ్లైఓవర్ దగ్గర నీళ్లు చూస్తూ నిలబడ్డాను. ఎన్నిసార్లు నొక్కానో ఆ నంబరు! 1988లోనే డేవిడ్ క్లార్క్ ఇంటర్నెట్ రూపకల్పనకి ఏడు లక్ష్యాలు వరసగా రాశాడు. కొన్ని నెట్‌వర్కులు గాని, వాటిని కలిపే గేట్‌వేలు గాని పోయినా మాట ఆగకూడదన్నది వాటిలో మొదటిది. నీ డిజైన్‌లో కంట్రోలర్ తెగిపోయిన గంట ఎలా గడుస్తుందో మొదటి ఏడాదే రాయి. చివర్లో చూద్దాంలే అన్నావంటే మద్రాసు వచ్చి మరీ తిడతాను.

నా తిట్లకేం గాని, నీకిది చేతనవుతుంది. ఆరో తరగతిలో మా పాత రౌటర్ మూత విప్పి, మళ్లీ బిగించేదాకా అన్నానికి లేవనిదానివి. బాగా వచ్చిన గ్రాఫులు మీ గైడుకి చూపించుకో. ఎక్కడో వింతగా వంగినవి నాకు పంపు, రాత్రి ఏ వేళైనా సరే. నా కళ్లజోడు మార్పించాను.

పినాకినికి టికెట్ తీసుకున్నాక చెప్పు. పొద్దున్నే స్టేషన్‌కి పులిహోర తెస్తాను. మీ పెదనాన్న మోకాళ్ల నొప్పులంటారు, అయినా వస్తారు.

మీ పెద్దమ్మ