దత్తత ఆర్డర్ వచ్చేశాక ప్రభుత్వానికి ఇక బాధ్యత లేదా?

ఉందండీ. మీరు దత్తత తీసుకున్న నాలుగేళ్ల పాప ఇంటికొచ్చి ఐదు నెలలైనా దిండు కింద బిస్కెట్లు దాస్తోందని, రాత్రి లైటు ఆపితే ఏడుస్తోందని రాశారు. దత్తత ఏజెన్సీవాళ్లు "ఆర్డర్ వచ్చింది కదా, ఇక మీ పాపే" అన్నారట. ఆ మాట చెల్లదు.

2022 దత్తత నిబంధనల ప్రకారం, పాప మీ చేతికొచ్చిన రోజు నుంచి రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి ఏజెన్సీ ఫాలో అప్ రిపోర్టు ఇవ్వాలి. బిడ్డ సర్దుకోలేకపోతే కౌన్సెలింగ్ ఏర్పాటు చేయాల్సింది ఏజెన్సీ, లేదా జిల్లా బాలల సంరక్షణ విభాగం. 2025 జూలైలో దత్తతలు చూసే కేంద్ర సంస్థ కారా కూడా అర్హత ఉన్న కౌన్సెలర్లను జిల్లాల్లో నియమించుకోమని రాష్ట్రాలకు రాసింది.

మేం గాజువాకలో ఉంటాం. మావాడు ఐదేళ్లప్పుడు వచ్చాడు. విజిట్‌కొచ్చిన మేడమ్ టీకాల కార్డు చూసి, ముగ్గుర్నీ సోఫాలో కూర్చోబెట్టి ఫొటో తీసుకుని వెళ్లిపోయేవారు. సమస్య ఉందంటే పిల్లాణ్ని వెనక్కి తీసుకుపోతారేమోనని మా ఆవిడకు ఒకటే టెన్షన్, నన్ను నోరు విప్పనిచ్చేది కాదు. దాంతో రిపోర్టులో ఎప్పుడూ "అంతా బాగుంది" అనే పడేది. బడిలో తోటి పిల్లల్ని కొరకడం మొదలెట్టాక ఇక లాభం లేదని జిల్లా అధికారికి అర్జీ ఇచ్చాం. అప్పుడు గానీ కౌన్సెలర్ దగ్గరికి పంపలేదు. ఎవరూ మమ్మల్ని తప్పుపట్టలేదు, బిడ్డనూ తీసుకుపోలేదు. మావాడూ తిండి దాచేవాడు. తిట్టొద్దు, వాడికి అందే చోట ఒక డబ్బాలో చిరుతిండి పెట్టి అది వాడిదేనని చెప్పండి అన్నారావిడ. మెల్లగా దాచడం తగ్గింది.

నాకు కోపం వచ్చేది రెండేళ్ల లెక్క మీద. "నన్ను కన్నమ్మ ఎక్కడుంది?" అని మావాడు అడిగింది తొమ్మిదో ఏట. అప్పటికి ఫైలు మూసేసి చాలా కాలమైంది, కౌన్సెలింగ్‌కి మా డబ్బే పెట్టుకున్నాం. పద్దెనిమిది నిండాక తన మూలాల గురించి సొంతంగా దరఖాస్తు చేసుకునే హక్కు చట్టం ఇచ్చింది సరే, ఈలోపు ఆ ఇంటికి తోడెవరు?

మీకింకా ఏడాదిన్నర పైనే ఉంది. ఫోన్లు మానేసి, పాప ఏం చేస్తోందో తేదీలతో రాసి ఏజెన్సీకి, జిల్లా బాలల సంరక్షణ అధికారికి చెరొక కాపీ ఇచ్చి రసీదు తీసుకోండి. కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజల అర్జీలు తీసుకునే పీజీఆర్‌ఎస్‌కి పట్టుకెళ్లండి. 2022 సెప్టెంబర్ నుంచి దత్తత ఆర్డర్ ఇస్తున్నది కలెక్టరే కాబట్టి, మా పరిధి కాదని అక్కడ అనలేరు.