ఆవిరి ఘనీభవిస్తుందా, సాంద్రీకరణం చెందుతుందా?

సందేహం: ఏడో తరగతికి సామాన్యశాస్త్రం చెబుతున్నాను. "నీటి ఆవిరి ఘనీభవించి మేఘాలుగా మారుతుంది" అని ఒక పత్రికలో చదివిన పిల్లలు, పాఠంలో "సాంద్రీకరణం" అని ఉంటే ఏది ఒప్పని అడిగారు. భాష్పీభవనమా, బాష్పీభవనమా? చక్కెర కరగడం, మంచు కరగడం ఒకటే ఎందుకు కాదు? తరంగాల పాఠంలోని పదాలు కూడా వాళ్లకు నోరు తిరగడం లేదు, గుర్తుండడం లేదు. ఎలా వివరించాలి?

సమాధానం: మేఘం విషయంలో పాఠ్యపుస్తకానిదే ఒప్పు. ఆవిరి చల్లబడి నీటి బిందువులైతే అది సాంద్రీకరణం. ఘనీభవించడమంటే ఘనపదార్థంగా మారడం. మేఘంలోని నీటి బిందువులు గడ్డకట్టి వడగళ్లయ్యే చోట "ఘనీభవించి" అని నిక్షేపంగా రాయవచ్చు.

ఈ పొరపాటు రావడానికి కారణాలు లేకపోలేదు. "ఘన" శబ్దానికి గట్టిది అనే కాక దట్టమైనది, మేఘం అనే అర్థాలు కూడా ఉన్నాయి. ఘనశ్యాముడంటే మేఘంలా నల్లనివాడు. పైగా హిందీలో ఇదే ప్రక్రియకు "సంఘనన్" అని పేరు. హిందీ నుంచి తెలుగు చేసేటప్పుడు అది సులువుగా "ఘనీభవనం" అయిపోతుంది. కాని తెలుగు శాస్త్రపరిభాషలో ఘన, ద్రవ, వాయు అని మూడు స్థితులకు పేర్లు స్థిరపడ్డాక, ఘనీభవనంలోని "ఘన"కు ఘనస్థితి తప్ప వేరే అర్థం తీయకూడదు.

పిల్లలకు ఈ పదాల నిర్మాణం ఒక్కసారి విప్పి చూపండి. సంస్కృతంలో "చ్వి" అనే ప్రత్యయం ఉంది. పాణిని సూత్రం "కృభ్వస్తియోగే సంపద్యకర్తరి చ్విః". అంతకుముందు అలా లేనిది అలా అయితే ఆ ప్రత్యయం వస్తుంది. అప్పుడు "ఘన" చివరి అకారం ఈకారమవుతుంది. ఘనం కానిది ఘనమైతే ఘనీభవనం, ద్రవం కానిది ద్రవమైతే ద్రవీభవనం, బాష్పం కానిది బాష్పమైతే బాష్పీభవనం. అంటే పదంలో మొదటి సగం చెప్పేది మార్పు ఎక్కడ ముగిసిందో. ఎక్కడ మొదలైందో కాదు. పిల్లలు తికమకపడేది సరిగ్గా ఇక్కడే. "ద్రవీభవనం" వినగానే ద్రవానికి ఏదో జరిగిందనుకుంటారు.

"భవనం" అంటే తానే అవడం, "కరణం" అంటే చేయడం. వంటగ్యాసును ఒత్తిడితో సిలిండరులో ద్రవంగా ఉంచుతారు కనుక అది ద్రవీకృత వాయువు, ఆ పని ద్రవీకరణం. ఈ లెక్కన ఆవిరి తనంతట తాను దట్టమై నీరవడాన్ని సాంద్రీభవనం అనాలి. కాని పాఠ్యపుస్తకాల్లో సాంద్రీకరణం అన్న మాటే స్థిరపడింది. దాన్ని కదిలించవద్దు. అలాగే ఆవిరి నీరైనా అది "ద్రవం కావడమే" కదా అని చురుకైన పిల్లవాడు తప్పక అడుగుతాడు. పంకజమంటే బురదలో పుట్టినదని అర్థమైనా తామరకు మాత్రమే ఆ పేరు చెల్లినట్టు, ద్రవీభవనం ఘనం నుంచి ద్రవం కావడానికి మాత్రమే రూఢి అయింది. యోగరూఢమంటే ఇదే.

ఘనం ద్రవం కాకుండానే నేరుగా ఆవిరవడాన్ని చెప్పే ఉత్పతనం కూడా తికమకపెడుతుంది. పతనమంటే పడటం కదా, కర్పూరం ఆవిరై పైకి పోతుంటే పతనమేమిటి? "పత్" ధాతువుకు ధాతుపాఠంలో, అంటే సంస్కృత ధాతువుల పట్టికలో, ఉన్నది గతి (కదలడం) అనే అర్థం. పడటమూ గతే, ఎగరడమూ గతే. రెక్కకు పతత్రం, పక్షికి పతత్రి అనే పేర్లు దానినుంచే వచ్చాయి. "ఉత్" అంటే పైకి. ఉత్పతనం పైకెగరడం. దీనికి ఇంట్లో వాడే మాట "హరించుకుపోవడం". డబ్బాలో పెట్టిన కర్పూరం కొన్నాళ్లకు హరించుకుపోతే అది ఉత్పతనం. హారతి పళ్లెంలోది మండిపోతుంది, అది దహనం. ఉదాహరణగా డబ్బాలోదాన్నే చెప్పండి.

ఇక వర్ణక్రమం. బాష్పం, వత్తు లేని "బ"తోనే. ఆనందబాష్పాలు, బాష్పవాయువు పిల్లలకు తెలిసిన మాటలే కనుక వాటితో ముడిపెట్టండి.

మీ ప్రశ్నలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించింది "కరుగు". వెన్న వేడికి కరిగింది, చక్కెర నీళ్లలో కరిగింది. తెలుగులో క్రియ ఒకటే, శాస్త్రంలో ప్రక్రియలు రెండు. మొదటిదానిలో వేడి వల్ల కరిగిందని "కి" చెబుతుంది, రెండోదానిలో దేనిలో కలిసిందో "లో" చెబుతుంది. అయితే విభక్తి ఒక్కదాన్నే నమ్మితే దెబ్బతింటాం. "ఐసుముక్క నీళ్లలో కరిగింది" అన్నప్పుడు "లో" ఉన్నా అది ద్రవీభవనమే. అందుకని రెండో ప్రశ్న కూడా అడిగించండి: ఇక్కడ ఉన్నది ఒక పదార్థమా, రెండా? ఐసూ నీరూ ఒకటే పదార్థం. చక్కెర, నీరు రెండు. ఉప్పు దీనికి గట్టి ఉదాహరణ. గది వేడిమిలోనే నీళ్లలో కలిసిపోయే ఉప్పు ద్రవీభవించాలంటే దాదాపు 800 డిగ్రీల సెల్సియస్ కావాలి. బోర్డు మీద ఒకదానికి "ద్రవీభవనం", మరోదానికి "నీటిలో కరగడం" అని రాయండి. వట్టి "కరగడం" అని వదలవద్దు.

ఇలాంటి చిక్కే "గడ్డకట్టు"తోనూ ఉంది. చలికాలంలో కొబ్బరినూనె గడ్డకట్టడం, నెయ్యి పేరుకోవడం ఘనీభవనాలు. రక్తం గడ్డకట్టడం, పాలు తోడుకోవడం కావు. అవి రసాయన మార్పులు, చల్లబరిచినందువల్ల వచ్చినవి కావు, వేడిచేస్తే వెనక్కి రావు. "మంచు" ఒక్కటే ఆకు మీది నీటిబొట్టుకూ, పొగమంచుకూ, గడ్డకూ వాడతాం. మొదటి రెండూ ద్రవం, మూడోది ఘనం. "కాగు" అంటే ముఖ్యంగా వేడెక్కడం. స్నానానికి నీళ్లు కాగుతాయి, టీకి మరుగుతాయి. మరగడం సముద్రమట్టం దగ్గర 100 డిగ్రీల వద్ద, ద్రవమంతటా బుడగలతో జరుగుతుంది. ఇగరడం ఏ ఉష్ణోగ్రత దగ్గరైనా పైపొర నుంచి జరుగుతుంది. పుస్తకాల్లో బాష్పీభవనమని చెప్పేది ఎక్కువగా ఈ ఇగరడాన్నే. గిన్నె మీద తెల్లగా లేచేదాన్ని ఆవిరి అంటాం కాని, కంటికి కనిపించేది అప్పటికే సాంద్రీకరణం చెందిన సన్నని తుంపర. అసలు ఆవిరి కనబడదు. కెటిల్ ముక్కుకూ ఆ తెలుపుకూ మధ్య ఖాళీగా కనిపించే జాగాలో ఉన్నదే అది.

సాంద్రీకరణాన్ని చూపడానికి స్టీలు గ్లాసు బయట పొడిగా తుడిచి, సగం నీళ్లు పోసి, నాలుగు చుక్కల నీలిసిరా, నాలుగైదు ఐసుముక్కలు వేయండి. కాసేపటికి బయట చెమ్మ పడుతుంది. తెల్లటి గుడ్డతో తుడిస్తే నీలం అంటదు. నీరు లోపలినుంచి ఊరలేదు, గాలిలోని ఆవిరే నీరైందని పిల్లలకు తేలిపోతుంది. సిరా లేకుండా చేస్తే "గ్లాసు కారింది" అంటారు. పొడిగాలి వీచే ఎండాకాలం మధ్యాహ్నం చెమ్మ సరిగా పట్టకపోవచ్చు, వానాకాలం మేలు.

తరంగాలకు వద్దాం. "అల నీళ్లు తెచ్చింది" అన్న మాట ఒడ్డున నిజమే, ఎందుకంటే అక్కడ అల విరిగి నీరు ముందుకు వస్తుంది. చెరువు మధ్య మాత్రం ఆకు ఉన్నచోటే పైకీ కిందికీ ఊగుతుంది. అల సాగిపోతుంది, నీరు సాగిపోదు. ఇది చూపడానికి స్లింకీ స్ప్రింగును నేల మీద రెండు మూడు మీటర్లు సాగదీసి, నడుమ ఒక చుట్టుకు ఎర్రదారం కట్టండి. చివరను పక్కకు ఊపితే దారం పక్కకు కదులుతుంది. అది తిర్యక్ తరంగం, తిర్యక్ అంటే అడ్డంగా. చివరను ముందుకు తోసి లాగితే దారం స్ప్రింగు పొడవు వెంటే ముందుకూ వెనక్కూ ఆడుతుంది. అది అనుదైర్ఘ్యం. రెండిట్లోనూ దారం తిరిగి తన చోటికే వస్తుంది. స్ప్రింగును మరీ సాగదీస్తే తరంగం కంటికందకుండా పోతుంది, చుట్లు పాడవుతాయి. గాలిలో వేలాడదీస్తే కుంగుతుంది.

దైర్ఘ్యం "దీర్ఘ" నుంచి వచ్చింది కనుక "ద"కు వత్తు ఉండదు. "ధీర" నుంచి వచ్చిన ధైర్యంతో కలిపేసి "తరంగధైర్ఘ్యం" అని రాస్తుంటారు. పౌనఃపున్యం "పునఃపునః" నుంచి వచ్చింది. మళ్లీమళ్లీ అన్న అర్థం ఉంది కాబట్టి విసర్గ వదలకూడదు. సెకనుకు ఎన్ని సార్లు మళ్లీమళ్లీ అన్నదే అది. అల్పపీడన ద్రోణి వార్తల్లో రోజూ వినేదే, అలలో పల్లమూ ద్రోణే. శృంగం కొమ్ము, శిఖరం. ధ్వనిలో అణువులు పలచబడే చోటు విరళీకరణం. "అవిరళ కృషి"లోని విరళమే అది, చందాగా ఇచ్చే విరాళంతో సంబంధం లేదు. కంపన పరిమితిని విరామస్థానం (అల లేనప్పటి మట్టం) నుంచి శృంగం దాకానే కొలవాలి. ద్రోణి నుంచి శృంగం దాకా కొలిస్తే విలువ రెట్టింపు వస్తుంది, పరీక్షల్లో ఎక్కువమంది మార్కులు పోగొట్టుకునేది ఇలాగే.

"స్థాయి" అనే మాటను మాత్రం జాగ్రత్తగా వాడండి. సంగీతంలో మంద్ర, మధ్య, తార స్థాయిలంటే పౌనఃపున్యం పెరగడం. "ధ్వని స్థాయి పెరిగింది" అని వార్తల్లో రాస్తే హోరు పెరగడం. తరగతిలో గొంతు సన్నబడటానికి కీచుదనమనీ, గట్టిగా వినబడటానికి తీవ్రత అనీ వేరుచేయండి. దోమ ధ్వని కీచు, తీవ్రత తక్కువ. పులి గర్జన తీవ్రం, కీచుదనం తక్కువ.