డబ్ల్యూ అండ్ ఓడీ ట్రైల్ రోడ్డు దాటే చోట కారు ఆగాలా, సైకిల్ ఆగాలా?

ఆష్‌బర్న్‌కి కొత్తగా వచ్చామని, ఎనిమిదేళ్ళ బాబుతో ఈ ట్రైల్ (అమెరికాలో, వర్జీనియాలో నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ ఉన్న పొడవాటి దారి) మీద సైకిల్ తొక్కాలని ఉందని, మధ్యలో రోడ్లు అడ్డం వచ్చినప్పుడు ఎవరు ఆగాలో తెలియడం లేదని అడిగారు. రూల్ సంగతి తర్వాత చెప్తానండీ. ముందు ఇది గుర్తుపెట్టుకోండి. నాలుగు లేన్ల రోడ్డు దగ్గర ఎవరైనా కారు ఆపి, నవ్వుతూ చెయ్యి ఊపి మిమ్మల్ని వెళ్ళమంటే, వెంటనే వెళ్ళకండి.

2022 అక్టోబర్‌లో ఒక శనివారం పొద్దున. మా పాపకి అప్పుడు పదకొండేళ్ళు. హెర్న్‌డన్‌లో ట్రైల్ ఎక్కి ఆష్‌బర్న్ దాకా తొక్కి, అక్కడ మా తోడల్లుడి ఇంట్లో టిఫిన్ చేసి వెనక్కి రావాలని బయల్దేరాం. చలి ఇంకా ముదరలేదు, ఆకులు రాలుతున్నాయి, పాప స్కూలు కబుర్లు చెబుతూ నా ముందు తొక్కుతోంది. స్టెర్లింగ్ దగ్గర పెద్ద రోడ్డు వచ్చింది. ఇద్దరం ఆగాం, కాళ్ళు కింద పెట్టాం. అన్నీ సరిగ్గానే చేశాం. మాకు దగ్గరి లేన్‌లో ఒక మినీవ్యాన్ నెమ్మదించి ఆగింది. లోపల ఒక పెద్దావిడ, మా అమ్మ వయసుంటుంది, చెయ్యి ఊపి వెళ్ళమంది. పాప థాంక్యూ అని చెయ్యెత్తి పెడల్ మీద కాలు వేసింది. నేను ఒక క్షణం వెనక.

ఆ మినీవ్యాన్ ఎత్తు ఎంతంటే దాని అవతల ఏముందో పాపకి కనిపించదు, అవతలి లేన్‌లో వచ్చేవాడికి పాప కనిపించదు. పికప్ ట్రక్ శబ్దం నాకు ముందు వినిపించింది. "బుజ్జీ ఆగు!" అని అరిచాను, అంత గట్టిగా నేను ఎప్పుడూ అరిచి ఉండను. అది రెండు బ్రేకులూ ఒకేసారి నొక్కి పక్కకి పడిపోయింది. ముందు చక్రం సరిగ్గా లేన్ గీత మీద ఉంది. ట్రక్ ఆ గీత పక్క నుంచే వెళ్ళింది, గాలికి దాని జుట్టు ఎగరడం చూశాను. మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. ట్రక్ అతను దూరంగా ఆపి పరుగెత్తుకుంటూ వచ్చాడు, ముఖం తెల్లబోయి ఉంది, నాకు ఎవరూ కనిపించలేదు, కనిపించలేదు అని అదే మాట చెబుతున్నాడు. అతను అబద్ధం చెప్పడం లేదు. మినీవ్యాన్ ఆవిడ దిగి వచ్చి పాప చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. ఆవిడ మీద కోపం రాలేదు నాకు, కానీ ఆ మంచితనమే మా పాపని రోడ్డు మధ్యకి తీసుకెళ్ళింది.

గంటకి 40 మైళ్ళంటే సెకనుకి దాదాపు 18 మీటర్లు. చిన్నపిల్ల ఒక లేన్ దాటడానికి ఒకటిన్నర సెకన్లు పట్టినా, అంతలో ఆ ట్రక్ 25 మీటర్లు పైగా వచ్చేస్తుంది. ఒక లేన్ ఆగి పక్క లేన్ ఆగకపోవడాన్ని ఇక్కడి ఇంజనీర్లు మల్టిపుల్ థ్రెట్ అంటారు. పేరు పెట్టేంత బాగా తెలుసన్నమాట, అయినా ఇలాంటి క్రాసింగులు ఇంకా ఉన్నాయి.

ఆ వారంలోనే సంబంధిత ఆఫీసుకి రాశాను. మూడు వారాలకి జవాబొచ్చింది, ట్రైల్ మీద వచ్చేవాళ్ళకి అక్కడ స్టాప్ సైన్ ఉందని. మేం ఆగామండీ, ఆగామనే కదా రాసింది! మన తెలుగు వాట్సాప్ గ్రూపులో చెబితే ఇంకో తంతు, హెల్మెట్ పెట్టావా, పాపని అంత దూరం ఎందుకు తీసుకెళ్ళావ్ అని. హెల్మెట్ పెట్టుకోవాల్సిందే, మేమూ పెట్టుకున్నాం, కానీ ట్రక్ గుద్దకుండా హెల్మెట్ ఆపదు కదా. ప్రతిసారీ సైకిల్ తొక్కేవాడినే ప్రశ్నలడగడం నాకు అస్సలు నచ్చదు.

ఇక రూల్. వర్జీనియాలో క్రాస్‌వాక్ (రోడ్డు దాటడానికి గీతలు గీసిన చోటు) మీద సైకిల్‌తో ఉన్నవాళ్ళకి పాదచారికి ఉండే హక్కులే ఉంటాయి, బాధ్యతలూ ఉంటాయి. కారు ఆగాలి. ఆగిన కారుని పక్క లేన్ వాడు దాటి పోకూడదు. అదే సమయంలో వచ్చే బండ్లని పట్టించుకోకుండా మీరూ రోడ్డు మీదకి దిగకూడదు. చాలామందికి తెలియనిది ఇంకోటుంది. ఈ రాష్ట్రంలో ప్రమాదానికి మీ తప్పు కొద్దిగా కారణమని తేలినా నష్టపరిహారం పూర్తిగా పోవచ్చు. అందుకే ఆ చిన్న స్టాప్ సైన్ దగ్గర ఆగకుండా వెళ్తే, తర్వాత అవతలివాళ్ళ ఇన్సూరెన్స్ ముందుగా పట్టుకునేది దాన్నే. మా కజిన్ నెదర్లాండ్స్‌లో ఉంటాడు. అక్కడ పద్నాలుగేళ్ళలోపు పిల్లాడు సైకిల్ మీద ఉండి కారు గుద్దితే నష్టమంతా దాదాపు ఎప్పుడూ కారు వైపే భరించాలి. రెండు చోట్లా పిల్లలు పిల్లలే.

ఆ ట్రైల్ ఒకప్పుడు రైలు దారి. 1968లో రైళ్ళు ఆగిపోయాయి, ఆ దారినే తర్వాత అర్లింగ్టన్ నుంచి పర్సెల్‌విల్ దాకా 45 మైళ్ళ ట్రైల్ చేశారు. రైలు వెళ్ళే రోజుల్లో అదే చోట ఆగాల్సింది రోడ్డు మీద బండ్లు. ఇప్పుడు సైకిల్ ఆగుతోంది. నేను ఈ మాట అన్న ప్రతిసారీ మా ఆవిడ రైలూ సైకిలూ ఒకటేనా అంటుంది. కాదు, కానీ మనుషులున్నారు కదా రెండింటి మీదా.

పెయింట్ వేస్తే సరిపోదండీ, రోడ్డు ఆకారం మారాలి. మధ్యలో నిలబడడానికి చిన్న దిమ్మె ఉంటే ఒకసారి ఒకవైపు ట్రాఫిక్ చూసుకుంటే చాలు. కార్లు ఆగాల్సిన గీతని క్రాస్‌వాక్‌కి ఆరు నుంచి పదిహేను మీటర్లు ముందే వేస్తే, ఆగిన మినీవ్యాన్ పక్క లేన్‌ని మూసెయ్యదు. వేగం ఎక్కువున్న రోడ్డయితే ఎర్ర లైటు పెట్టాలి, లేదా వంతెన. నెదర్లాండ్స్‌లో ఊరి లోపల సైకిల్ దారిని అదే ఎత్తులో, అదే ఎరుపు రంగులో రోడ్డు మీదుగా తీసుకెళ్తారు, కారే ఎక్కి దిగాలి. ఊరి బయట వేగం ఎక్కువుండే రోడ్ల దగ్గర వాళ్ళు కూడా సైకిల్నే ఆపుతారు, లేదా కింద నుంచి దారి తవ్వుతారు.

మన హైదరాబాద్‌లో 2023 అక్టోబర్ 1న ఔటర్ పక్కన 23 కిలోమీటర్ల ట్రాక్ మొదలుపెట్టారు, పైన సోలార్ కప్పు, చాలా బాగుంది. పోయినసారి వెళ్ళినప్పుడు తొక్కాను. ట్రాక్ లోపల హాయి. కానీ నార్సింగిలో మా బావగారి ఇంటి నుంచి ఆ ట్రాక్ దాకా చేరడానికి పడిన టెన్షన్ ట్రాక్ మీద పొందిన హాయి కంటే ఎక్కువ. చాలామంది కార్ల మీద సైకిళ్ళు కట్టుకుని వస్తున్నారు. పేపర్లలో ఫొటోలన్నీ కప్పువే, రోడ్డు దాటే చోటు ఫొటో నేను ఒక్కటీ చూడలేదు.

మీ బాబు సంగతికి వస్తే, ప్రతి క్రాసింగ్ దగ్గరా దింపి నడిపించండి. దగ్గరి లేన్ కారు ఆగితే దాని ముక్కు దాకా మాత్రమే వెళ్ళి, తల బయటపెట్టి పక్క లేన్ చూడండి. అదీ ఆగాకే కదలాలి. డ్రైవర్ ముఖం కాదు, చక్రం చూడండి, ముఖం మన వైపే ఉన్నా చూపు ఎక్కడో ఉంటుంది. కుడివైపు తిరిగే కార్లతో ఇంకా జాగ్రత్త, వాళ్ళు ఎడమవైపు నుంచి వచ్చే బండ్లే చూస్తుంటారు. మా పాప రెండు నెలలు సైకిల్ ముట్టుకోలేదు, ఇప్పుడు మళ్ళీ తొక్కుతోంది, ఎవరైనా చెయ్యి ఊపితే తల అడ్డంగా ఊపి పక్క లేన్ వైపు వేలు చూపిస్తుంది.

మొదటిసారి అయితే స్టెర్లింగ్ వైపు వద్దు. ఆష్‌బర్న్ నుంచి లీస్‌బర్గ్ వైపు తీసుకెళ్ళండి, బెల్మాంట్ రిడ్జ్ రోడ్డు దగ్గర ట్రైల్‌కి వంతెన కట్టారు, కింద కార్లు పోతుంటే బాబుతో పైన నిలబడి చూడొచ్చు.