బహిష్కరణ ఎప్పుడు ఆపుతావో ముందే రాసిపెట్టుకో

నాన్నా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇన్నేళ్ళు నమ్మకంగా కొన్న కంపెనీ, నువ్వు సహించలేని రాజకీయానికి డబ్బు పెడుతోందని తెలిసి నిద్ర పట్టలేదన్నావు. ఇక దాని సరుకు కొనడం మానేస్తానన్నావు. "పెద్దమ్మా, నా డబ్బే నా మీదికి వస్తోంది" అని రాశావే, ఆ మాట నన్ను వదల్లేదు. నీ కోపం న్యాయమైనదే. దాన్ని చల్లార్చడానికి ఇది రాయడం లేదు, అది వృథా కాకూడదని రాస్తున్నాను.

నా జీవితంలో ఇలాంటి బహిష్కరణలు నాలుగైదింట్లో పాల్గొన్నాను. ఒకటి గెలిచాం. మిగిలినవి చాలావరకు చప్పుడు లేకుండా ఆరిపోయాయి. ఒకదాంట్లో మాత్రం ఘోరమైన తప్పు చేశాం. అక్కడి నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే నువ్వూ సరిగ్గా ఆ మలుపు దగ్గరే ఉన్నావు.

ఒక కంపెనీ ఫలానా నాయకుడి ప్రచారానికి పెద్ద మొత్తం ఇచ్చిందని విన్నాం. పది మందిమి కలిశాం, కరపత్రాలు వేశాం, మూడు వారాలు తిరిగి పంచాం. నాలుగో వారం ఆ కంపెనీలో పనిచేసే ఒక పెద్దాయన మా దగ్గరికి వచ్చాడు. కేకలు వేయలేదు. వార్షిక నివేదిక తెరిచి చూపించాడు. అన్నదమ్ములు ఎప్పుడో పంచుకున్న వ్యాపారం అది. పేరు ఒకటే, యజమానులు వేరు, లెక్కలు వేరు. డబ్బు ఇచ్చింది రెండో వాళ్ళు. తప్పు ఒప్పుకుంటూ మళ్ళీ కరపత్రం వేశాం, మళ్ళీ పంచాం. కానీ మొదటిది చదివినవాళ్ళందరి చేతికీ రెండోది వెళ్ళలేదు. ఆ పెద్దాయన ముఖం ఇప్పటికీ గుర్తొస్తుంది.

అందుకని ముందు డబ్బు ఏ దారిన వెళ్ళిందో కనుక్కో. "ఆ కంపెనీ ఆ పార్టీకి ఇచ్చింది" అనే ఒక్క వాక్యంలో నాలుగైదు వేరు వేరు సంగతులు దాక్కుని ఉంటాయి. కంపెనీ ఖాతా నుంచి నేరుగా పార్టీకి వెళ్ళిందా? యజమాని సొంత జేబులోంచి ఇచ్చాడా? మధ్యలో ఏదైనా ట్రస్టు ఉందా? పార్టీ సభకు స్పాన్సర్‌గా పేరు వేయించుకుందా? చట్టాల మీద ఒత్తిడి తెచ్చే ఏదైనా సంఘంలో సభ్యత్వం ఉందా? అమెరికాలో కంపెనీలు తమ ఖజానా నుంచి జాతీయ ఎన్నికల అభ్యర్థులకు నేరుగా విరాళం ఇవ్వకూడదని 1907 నుంచే నిషేధం ఉంది. అందుకే అక్కడ "ఫలానా కంపెనీ అభ్యర్థికి ఇచ్చింది" అంటే చాలాసార్లు దాని అర్థం, ఆ కంపెనీ పేరుతో నడిచే రాజకీయ నిధి ఉద్యోగుల దగ్గర సేకరించి ఇచ్చిందని. 2010లో సుప్రీంకోర్టు సిటిజన్స్ యునైటెడ్ తీర్పు ఇచ్చాక, అభ్యర్థితో సంబంధం లేకుండా విడిగా ప్రచారం చేసే బృందాలకు కంపెనీలు ఎంతైనా ఇవ్వొచ్చు. ఈ తేడాలు తెలియకుండా ఆరోపిస్తే కంపెనీ ప్రతినిధి ఒక్క వాక్యంతో నిన్ను అబద్ధాలకోరుగా నిలబెడతాడు.

ఆధారాలు దొరకవేమో అని బెంగ పెట్టుకోకు. అమెరికాలో ఫెడరల్ ఎన్నికల కమిషన్ దగ్గర, బ్రిటన్‌లో ఎన్నికల కమిషన్ రిజిస్టర్‌లో విరాళాల వివరాలు ఎవరైనా చూడొచ్చు. భారతదేశంలో 20,000 రూపాయలు దాటిన విరాళాలను పార్టీలు ఎన్నికల సంఘానికి నివేదించాలి. 2018లో ఎన్నికల బాండ్లు వచ్చాయి, బ్యాంకులో కొని పార్టీలకు ఇచ్చేవి; అవి దాతల పేర్లను దాచేశాయి. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ పథకాన్ని కొట్టేసింది. మార్చి 14న ఎన్నికల సంఘం జాబితాలు బయట పెట్టింది, తర్వాత ఏ బాండు ఏ పార్టీకి చేరిందో కూడా తెలిసింది. ఆ జాబితాలు చూసినవాళ్ళకి ఒక సంగతి అర్థమైంది: చాలా కంపెనీలు ఒకరికే కాదు, ఎదురెదురుగా ఉన్న పార్టీలకూ ఇచ్చాయి. నువ్వు చూస్తున్న కంపెనీ కూడా అలాంటిదే అయితే నీ ప్రశ్న మారాలి. "ఆ పార్టీకి ఎందుకిచ్చావ్" అని కాదు, "అసలు రాజకీయాలకు డబ్బెందుకు" అని అడగాలి. అలా అడగడం నీకు ఇష్టమేనా? ముందు నీ మనసులో అది తేల్చుకో. అవతలి పార్టీకి ఇచ్చినప్పుడు కోపం తెచ్చుకుని, నీకు నచ్చిన పార్టీకి ఇచ్చినప్పుడు ఊరుకుంటే జనం చూస్తూనే ఉంటారు.

ఇక నేను నీకు అన్నిటికంటే గట్టిగా చెప్పాలనుకున్న మాట. మానేసే ముందు, మళ్ళీ ఎప్పుడు కొంటావో రాసిపెట్టుకో.

వినడానికి వింతగా ఉంటుంది, నాకు తెలుసు. కోపంలో ఉన్నవాడికి తిరిగి రావడం గురించి ఆలోచించమంటే నచ్చదు. మేం ఆరిపోయిన ప్రతిసారీ కారణం ఇదే. "వాళ్ళు మారాలి" అన్నాం తప్ప, మారడమంటే ఏమిటో చెప్పలేదు. కంపెనీ ఒక ప్రకటన ఇచ్చింది. మాలో సగం మంది చాలన్నారు, సగం చాలదన్నారు. మేమే రెండుగా చీలిపోయాం. కంపెనీ ఇంకేమీ చేయాల్సిన పని లేకుండా పోయింది.

కాలిఫోర్నియా ద్రాక్షతోటల కూలీల పోరాటం చూడు. 1965లో సమ్మె మొదలైంది, తర్వాత దేశమంతా ద్రాక్ష కొనొద్దని పిలుపు వెళ్ళింది. కూలీల సంఘంతో ఒప్పందం మీద సంతకం పెట్టిన తోటల యజమానుల పెట్టెల మీద సంఘం గుర్తు, నల్ల గద్ద ముద్ర పడింది. ముద్ర ఉంటే కొను, లేకపోతే వద్దు. అంతే. సంతకం పెట్టినవాడి సరుకు వెంటనే అమ్ముడుపోయింది. పెట్టనివాడు అది చూశాడు. 1970 జూలైలో మిగిలిన పెద్ద తోటల యజమానులు కూడా దిగొచ్చారు. ఆ గద్ద ముద్ర లేకపోతే ఐదేళ్ళ పట్టుదల ఎక్కడికి చేరేదో ఆలోచించు. శిక్షతో పాటు తలుపు కూడా చూపించారు వాళ్ళు.

నెస్లే మీద 1977లో మొదలైన బహిష్కరణకు కూడా ఇలాంటి కొలత దొరికింది. తల్లిపాలకు బదులు పసిపిల్లలకు పట్టే పాలపొడి ప్రచారం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో ఒక నియమావళి తెచ్చింది, దాన్ని పాటించమని అడిగారు. 1984లో కంపెనీ ఒప్పుకుంటే ఆపారు. పాటించడం లేదని తేలాక 1988లో మళ్ళీ మొదలుపెట్టారు. ఆపడం చేతనైనవాళ్ళు కాబట్టే రెండోసారి పిలిచినా జనం విన్నారని నేను నమ్ముతాను.

కాబట్టి నీ కోరిక ఒకే వాక్యంలో ఉండాలి. అది ఆ కంపెనీ చేతిలో ఉన్న పని అయ్యుండాలి. 2012 ఏప్రిల్‌లో కలర్ ఆఫ్ చేంజ్ అనే సంస్థ కోకాకోలాను అడిగింది అలాంటిదే. అలెక్ అనే సంఘం ఉంది. అందులో రాష్ట్రాల శాసనసభ్యులు, కంపెనీలు కలిసి కూర్చుని బిల్లుల నమూనాలు తయారుచేస్తారు. ఓటు వేయడానికి గుర్తింపు కార్డు తప్పనిసరి చేసే బిల్లులు అప్పట్లో అందులో ఉండేవి; అవి నల్లజాతివారి ఓటుకు అడ్డమని కలర్ ఆఫ్ చేంజ్ వాదన. "ఆ సంఘం నుంచి బయటికి రండి" అన్నారు. పిలుపు ఇచ్చిన కొద్ది గంటల్లోనే ఆ కంపెనీ బయటికొచ్చింది. తర్వాత మరికొన్ని పెద్ద కంపెనీలు అదే దారి పట్టాయి. "ఓటు హక్కును గౌరవించండి" అని అడిగి ఉంటే అందమైన ప్రకటన ఒకటి వచ్చేది, సభ్యత్వం అలాగే ఉండేది.

తర్వాతి మెట్టు, కంపెనీకి చెప్పడం. ఇది చాలామంది మరిచిపోతారు. నువ్వు మౌనంగా మానేస్తే వాళ్ళ లెక్కల్లో అది అమ్మకాల తగ్గుదలలో కలిసిపోతుంది, కారణం ఎవరికీ తెలియదు. ఉత్తరం రాయి. ఎన్నేళ్ళుగా కొంటున్నావో, ఏ ఆధారం చూసి ఆపుతున్నావో, ఏం చేస్తే తిరిగి వస్తావో, మూడు పేరాలు చాలు. జవాబు ఇవ్వడానికి గడువు పెట్టు. గడువు దాకా బయట మాట్లాడకు. వాళ్ళు జవాబిస్తే, నీకు నచ్చకపోయినా, దాన్ని పూర్తిగా నలుగురికీ చూపించు.

నీ ఒక్కడి డబ్బుతో వాళ్ళకి నష్టం రాదని నువ్వే రాశావు. నిజమే, రాదు. కానీ కంపెనీలు దిగొచ్చేది ఎక్కువగా అమ్మకాలు పడిపోయి కాదు, పేరు పాడవుతుందన్న భయంతో. 2010లో అమెరికాలో టార్గెట్ అనే పెద్ద దుకాణాల సంస్థ మిన్నెసోటాలో ఒక రాజకీయ బృందానికి 1,50,000 డాలర్ల విలువైన విరాళం ఇచ్చింది. ఆ బృందం బలపరిచిన గవర్నర్ అభ్యర్థి స్వలింగ వివాహాలను వ్యతిరేకించేవాడు. గొడవ మొదలైన కొన్ని వారాల్లోనే సంస్థ అధిపతి క్షమాపణ లేఖ రాశాడు. ఎవరికి రాశాడనుకున్నావ్? తన ఉద్యోగులకి. లోపల పనిచేసేవాళ్ళ ముఖం చూడలేకపోవడం వాళ్ళని ఎక్కువ కదిలిస్తుంది. నాకు ఈ సంగతి చాలా ఆలస్యంగా అర్థమైంది.

అందుకే ఆ ఉద్యోగులతో నీ మాట ఎలా ఉంటుందన్నది నాకు పెద్ద విషయం. కౌంటర్ దగ్గర నిలబడిన పిల్ల ఆ విరాళం మీద సంతకం పెట్టలేదు. ఫోన్ ఎత్తిన కుర్రాడు పెట్టలేదు. వాళ్ళ మీద గొంతు పెంచితే నా దగ్గరికి రాకు. మన భాషలో "వెలి" అనే మాట ఉంది కదా. బలమున్నవాళ్ళు బలం లేనివాళ్ళ మీద వాడిన ఆయుధం అది, దాని కింద ఎన్ని బతుకులు నలిగిపోయాయో. బహిష్కరణ దానికి తలకిందులుగా ఉండాలి. 1880లో ఐర్లండ్‌లో చార్లెస్ బాయ్‌కాట్ అనే జమీందారు ఏజెంటుకి పని చేయం, సరుకు అమ్మం అని కౌలుదారులు, దుకాణదారులు భీష్మించారు. అతని పేరే ఆ పనికి పేరైంది. కింద ఉన్నవాళ్ళు పైకి చూసి చేసిన పని అది. నువ్వు ఆ పని పేరు చెప్పి పక్కింటివాడిని, "ఇంకా కొంటున్నావా, సిగ్గులేదా" అని నిలదీస్తే అది మళ్ళీ వెలి అయిపోతుంది. మానలేనివాళ్ళు ఉంటారు. వేరే దారి లేక వాడేవాళ్ళు, ఆ ధరకి ఇంకెక్కడా దొరకనివాళ్ళు. వాళ్ళని ఒక ఉత్తరం మీద సంతకం అడుగు, చాలు.

అవతలి వైపు కూడా మనుషులున్నారని మరిచిపోకు. 2020లో గోయా అనే ఆహార కంపెనీ అధిపతి అప్పటి అధ్యక్షుడు ట్రంప్‌ని పొగిడాడని కొందరు కొనడం మానేశారు. అది విని ఇంకొందరు పనిగట్టుకుని ఎక్కువ కొన్నారు. కొన్నాళ్ళు అమ్మకాలు పెరిగాయి, తర్వాత మామూలైపోయాయి. విరాళం సంగతి కూడా కాదది, ఒక మనిషి మాట. మాటలకి బహిష్కరణ మొదలుపెడితే అది ఎవరు ఎంత గట్టిగా అరుస్తారన్న పందెంగా మారుతుందని నా అభిప్రాయం. డబ్బు దారి పట్టుకో. దానికి తేదీ ఉంటుంది, మొత్తం ఉంటుంది, ఆపడానికి వీలుంటుంది.

గెలిచాక కూడా కాగితాలు పారేయకు. అమెరికా ఎన్నికల ఫలితాన్ని 2021 జనవరి 6న ఒప్పుకోని కాంగ్రెస్ సభ్యులకు డబ్బిస్తోందని టయోటా మీద విమర్శలొచ్చాయి. ఆ జూలైలో ఆపేస్తామంది. మరుసటి ఏడాదే మళ్ళీ ఇవ్వడం మొదలుపెట్టింది. మాట ఇచ్చిన రోజు పేపర్లన్నీ రాశాయి, తప్పిన రోజు కొద్దిమందే చూశారు. నీ డైరీలో ఆర్నెల్లకోసారి ఒక తేదీ పెట్టుకుని రికార్డులు తిరిగి చూడు.

చట్టం సంగతి కొంచెం. నువ్వు కొనకపోవడం, కొనొద్దని శాంతంగా చెప్పడం వేరు. రుజువు లేని మాట రాయడం, దారికి అడ్డం పడటం, బెదిరించడం వేరు. 1982లో అమెరికా సుప్రీంకోర్టు మిసిసిపీలో నల్లజాతివారు చేసిన బహిష్కరణ కేసులో ఈ గీతే గీసింది: శాంతియుతంగా చేసిన దానికి రాజ్యాంగ రక్షణ ఉంది, హింసకు లేదు. ప్రతి దేశం చట్టం ఇలాగే ఉండదు. పరువు నష్టం కేసు మాత్రం ఎక్కడైనా వేయొచ్చు. అందుకే ప్రతి వాక్యం పక్కన ఏ పత్రం నుంచి తీసుకున్నావో నీకోసం రాసి ఉంచుకో.

ఒక సంగతి నీ ఉత్తరంలో నాకు దొరకలేదు. ఆ విరాళం ఇచ్చింది నువ్వు కొనే కంపెనీయేనా, దాని మాతృసంస్థా, లేక యజమాని ఒక్కడేనా? అది కనుక్కుని, కంపెనీకి రాసే ఉత్తరం ముసాయిదా నాకు పంపు. తిరిగి వచ్చే షరతు మొదటి పేరాలోనే పెట్టు, చివర్లో కాదు. ఎర్ర పెన్ను దగ్గర పెట్టుకుని ఎదురుచూస్తుంటాను.

నీ పెద్దమ్మ