జాబితా తీసెయ్యి, ఆ బటన్ సంగతి రాయి

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. క్రూసేడర్ కింగ్స్ 3 అనే కంప్యూటర్ ఆటలో ఇంటర్‌ఫేస్ (తెరమీది బటన్లూ కిటికీలూ) తప్పుల్ని కన్సోల్ కమాండ్లతో, అంటే ఆటలోనే టైపు చేసే ఆదేశాలతో, ఎలా పట్టుకోవాలో తెలుగులో రాయాలనుకున్నావు, ఉదాహరణలకి వేంగిని ఎంచుకున్నావు, బాగుంది. కానీ మొదటి రెండు పేజీలూ కమాండ్ల జాబితాయే! అందులోనూ ఏది ఏ ఆటదో చెప్పకుండా హార్ట్స్ ఆఫ్ ఐరన్ 4 అనే వేరే ఆటలో వాడే జీయూఐబౌండ్స్ కమాండ్‌నీ, సివిలైజేషన్ 6 అనే ఇంకో ఆట ఫైర్‌ట్యూనర్‌నీ కలిపేశావు. ఫైర్‌ట్యూనర్ అసలు కమాండే కాదు, ఆట బయట నడిచే వేరే ప్రోగ్రామ్.

ఇంత చిరాకులో చివరి పేజీకి వస్తే బ్రాకెట్లలో ఒక వాక్యం దొరికింది. బటన్ కనిపిస్తోంది గానీ ఎంత నొక్కినా పలకలేదనీ, తెల్లవారుజామున చూస్తే దానిమీద ఇంకో ఖాళీ విడ్జెట్ (ఇంటర్‌ఫేస్‌లో ఒక ముక్క) పరుచుకుని ఉందనీ. అయ్యో, నీ వ్యాసం అదే కదా, దాన్ని బ్రాకెట్లలో ఎలా పెట్టబుద్ధయింది నీకు?

జరిగింది జరిగిన వరసలో రాయి. బటన్ నొక్కితే ఏం జరగాలో చెప్పే ఆన్‌క్లిక్ లైన్ తప్పని ముందు అనుమానించి ఉంటావు. ఆట తన తప్పుల్ని రాసుకునే ఎర్రర్.లాగ్ ఫైలు తెరిస్తే దాని గురించి ఒక్క ముక్క కూడా ఉండి ఉండదు, ఎందుకంటే ఒక విడ్జెట్ మీద ఇంకోటి కూర్చోవడం ఆటని నడిపే ఇంజిన్ లెక్కలో తప్పు కాదు. ఆ టెన్షన్ చదివేవాడికీ తెలియాలి. అప్పుడు కన్సోల్‌లో ట్వీక్ జీయూఐ.డీబగ్ (మౌస్ కింద ఏ విడ్జెట్ ఉందో చూపించే కమాండ్) కొట్టి మౌస్‌ని బటన్ మీద పెట్టావు, నీ బటన్ పేరు రావలసిన చోట వేరే పేరు కనిపించింది. ఇంటర్‌ఫేస్ ఫైల్లో కింద రాసింది తెరమీద పైకి వస్తుందన్న సంగతి అక్కడ చెప్తే ఎవరూ మర్చిపోరు. ఆ పై విడ్జెట్‌కి ఆల్వేస్‌ట్రాన్స్‌పరెంట్ = యెస్ అని చేర్చితే క్లిక్ దాన్ని దాటి బటన్‌కి అందుతుందనీ, ఆట డీబగ్ మోడ్‌లో (తప్పులు వెతకడానికి ఆటని నడిపే పద్ధతి) ఉంటే ఫైల్ సేవ్ చేయగానే ఆట మూయకుండానే మార్పు కనిపిస్తుందనీ కూడా అక్కడే రావాలి. కమాండ్ పేర్లంటావా, హెల్ప్ అని కొడితే కన్సోలే చెప్తుంది. కొట్టకముందు ఏం కనిపించింది, కొట్టాక ఏం కనిపించింది అన్నది మాత్రం నువ్వే చెప్పాలి.

నేనో పత్రికకి కంప్యూటర్ శీర్షిక రాసే రోజుల్లో అక్కడి సంపాదకుడికి ప్రతిదీ 'పది చిట్కాలు'గానే కావాలి. తెరమీద వచ్చే ఎర్రర్‌ని అక్షరం పొల్లుపోకుండా రాసిస్తే, పాఠకులకి బోరు అని ఆ లైన్లే కొట్టేసేవాడు. అచ్చయ్యాక ఒకాయన ఫోన్ చేసి, "మీరు చెప్పింది కొట్టానండీ, ఇప్పుడు నాకేం కనపడాలి?" అని అడిగాడు. దానికి జవాబు కొట్టేసిన ఆ లైన్లలోనే ఉంది. ఇన్నేళ్లయినా ఆ కోపం నాకు పోలేదు. ఇప్పుడేమో వీడియోల వాళ్లూ అదే జబ్బు పట్టుకున్నారు, కమాండ్ కొడతారు, తెర చూపించకుండా ముందుకి పోతారు.

పారితోషికం గురించీ, కలం పేరు గురించీ అడిగావు, అవి తర్వాత చూద్దాం. ముందు ఆ రాత్రి సంగతి తిరగరాసి పంపు. కమాండ్ కొట్టకముందు ఒకటి, కొట్టాక ఒకటి స్క్రీన్‌షాట్లు జత చెయ్యి. ఆటకి అప్‌డేట్లు వచ్చినప్పుడల్లా ఈ ఫైళ్లు మారుతుంటాయి కాబట్టి నీ ఆట వెర్షన్ నంబరు పైనే వెయ్యి.

మీ అన్నయ్య