ఒక్క అడాప్టర్ అన్ని చిప్‌లకీ సరిపోతుందా?

ప్రశ్న: మేడమ్, ఇన్నాళ్లూ ఏటీమెగా328పీ మైక్రోకంట్రోలర్ చిప్‌లో ప్రోగ్రామ్ ఎక్కించడానికి యూఎస్‌బీఏఎస్‌పీ అనే అడాప్టర్ వాడుతున్నాను. ఇప్పుడు ఎస్‌టీఎం32ఎఫ్103 చిప్‌తో సొంతంగా ఒక బోర్డు చేసుకుంటున్నాను. తర్వాత ఈఎస్‌పీ32 చిప్ కూడా నేర్చుకోవాలని ఉంది. అన్నిటికీ పనికొచ్చే అడాప్టర్ ఒకటి కొంటే చాలా? అసలు ప్రోగ్రామర్‌కీ డీబగ్గర్‌కీ తేడా ఏమిటి?

జవాబు: రెండో ప్రశ్నతోనే మొదలుపెడతాను. కొనేముందు తేల్చుకోవాల్సింది అదే. ప్రోగ్రామర్ మీ కోడ్‌ని చిప్‌లోని ఫ్లాష్ మెమరీలోకి ఎక్కిస్తుంది, అంతటితో దాని పని అయిపోతుంది. డీబగ్గర్ ఆ తర్వాత కూడా చిప్‌తో మాట్లాడుతూనే ఉంటుంది. మీరు చెప్పిన లైన్ దగ్గర కోడ్‌ని ఆపుతుంది, ఆ క్షణాన వేరియబుల్స్‌లో, రిజిస్టర్లలో ఏముందో చూపిస్తుంది. మీ యూఎస్‌బీఏఎస్‌పీ ప్రోగ్రామర్ మాత్రమే. ఎల్ఈడీ వెలిగించే దశలో అది చాలు. ఇంటరప్ట్‌లు, టైమర్లు కలగలిసిన కోడ్ రాస్తున్నప్పుడు మాత్రం డీబగ్గర్ లేకుండా తప్పు వెతకడం చీకట్లో సూది వెతకడమే.

ఎస్‌టీఎం32కి ప్రోగ్రామ్ ఎక్కించడానికీ డీబగ్ చేయడానికీ ఎస్‌డబ్ల్యూడీ అనే పద్ధతి ఉంది. ఎస్‌డబ్ల్యూడీఐఓ, ఎస్‌డబ్ల్యూసీఎల్‌కే అనే రెండు వైర్లు, గ్రౌండ్ కలిపితే పని నడుస్తుంది. కానీ మీ బోర్డు మీద రీసెట్ పిన్‌ని కూడా కనెక్టర్‌కి తప్పకుండా తెచ్చి పెట్టండి. ఎఫ్103కి, సెట్టింగుల కోడ్ తయారుచేసిచ్చే క్యూబ్‌ఎంఎక్స్ సాఫ్ట్‌వేర్‌లో ప్రాజెక్ట్ చేసేటప్పుడు డీబగ్ సెట్టింగ్ ఆన్ చేయడం మర్చిపోతే, ఎక్కించిన కోడ్ నడవగానే ఎస్‌డబ్ల్యూడీ పిన్లని ఆపేస్తుంది. మర్నాడు అడాప్టర్ చిప్‌ని గుర్తించదు, చిప్ కాలిపోయిందని టెన్షన్ పడతారు. రీసెట్ వైర్ ఉంటే చిప్‌ని రీసెట్‌లో పట్టి ఉంచి కనెక్ట్ అయి, కోడ్ చెరిపేయవచ్చు.

అడాప్టర్ మీదున్న వోల్టేజ్ పిన్ సంగతి ఇంకా ముఖ్యం. ఎస్‌టీఎం32 చేసే ఎస్‌టీ కంపెనీ అడాప్టర్, అసలైన ఎస్‌టీ-లింక్ వీ2లో ఆ పిన్ కరెంట్ ఇవ్వదు. బోర్డు ఎన్ని వోల్టుల మీద నడుస్తోందో చూసుకోవడానికే అది ఉంది, కాబట్టి దాన్ని మీ బోర్డు 3.3 వోల్టుల లైన్‌కి కలపాలి. పెన్‌డ్రైవ్ ఆకారంలో దొరికే నకళ్లలో అదే పిన్ 3.3 వోల్టులు బయటికి ఇస్తుంది. మీ బోర్డుకి వేరే సప్లై ఉంటే ఆ నకలు పిన్‌ని కలపకండి.

మొదటి ప్రశ్నకి వస్తే, అన్నిటికీ పనికొచ్చేది లేదు. ఎస్‌టీఎం32 లాంటి ఆర్మ్ కార్టెక్స్-ఎం చిప్‌ల వరకు సీఎంసిస్-డ్యాప్ అనే డీబగ్ ప్రమాణం పాటించే అడాప్టర్ దగ్గరగా వస్తుంది. రాస్ప్‌బెర్రీ పై డీబగ్ ప్రోబ్ అలాంటిదే. ఒక్క కంపెనీ చిప్‌లకే కట్టుబడి ఉండదు, ఓపెన్‌ఓసీడీ అనే ఉచిత డీబగ్ సాఫ్ట్‌వేర్‌తో పనిచేస్తుంది. కొత్తగా కొనేవాళ్లకి నేను చెప్పేది ఇదే. జే-లింక్ అనే అడాప్టర్ వేగంగా, నమ్మకంగా పనిచేస్తుంది, కానీ చదువుకునేవాళ్ల కోసం చేసిన దాని ఎడ్యు రకానికి వ్యాపార పనులకు అనుమతి లేదు. మీ దగ్గర ఎస్‌టీ వాళ్ల న్యూక్లియో-64 డెవలప్‌మెంట్ బోర్డు ఉంటే ఏమీ కొనక్కర్లేదు. దాని మీద సీఎన్2 దగ్గరున్న రెండు జంపర్లు తీసేస్తే అందులోని ఎస్‌టీ-లింక్ మీ బోర్డుకి పనిచేస్తుంది.

ఈఎస్‌పీ32కి యూఎస్‌బీ కేబుల్ చాలు, డెవలప్‌మెంట్ బోర్డు మీదే సీరియల్ చిప్ ఉంటుంది. డీబగ్గింగ్ కూడా కావాలనుకుంటే ఈఎస్‌పీ32లోనే ఎస్3 గానీ సీ3 గానీ తీసుకోండి. వాటిలో డీబగ్గింగ్‌కి వాడే జేట్యాగ్ అడాప్టర్ చిప్ లోపలే ఉంది. పాత ఈఎస్‌పీ32కి జేట్యాగ్ అడాప్టర్ విడిగా కొనాలి.

ప్రశ్న: కొత్త ఏటీమెగా328పీని బ్రెడ్‌బోర్డు మీద పెట్టాను. యూఎస్‌బీఏఎస్‌పీ గుర్తించడం లేదు. వైర్లు అన్నీ సరిచూశాను. చిప్ పాడైందా?

జవాబు: పాడై ఉండదు. కొత్త చిప్ లోపలి 8 మెగాహెర్ట్జ్ క్లాక్‌ని ఎనిమిదితో భాగించి, 1 మెగాహెర్ట్జ్ మీద నడుస్తుంది. ప్రోగ్రామర్ ఇచ్చే ఎస్‌సీకే (డేటా పంపే క్లాక్) వేగం అందులో నాలుగో వంతు కంటే తక్కువ ఉండాలి, అంటే 250 కిలోహెర్ట్జ్ లోపు. యూఎస్‌బీఏఎస్‌పీ మామూలుగా 375తో మొదలవుతుంది. దాని మీద నెమ్మది వేగానికి జంపర్ ఉంటుంది, అది పెట్టండి. లేదా ప్రోగ్రామ్ ఎక్కించే ఏవీఆర్‌డ్యూడ్ సాఫ్ట్‌వేర్‌లో మైనస్ బి (పెద్ద అక్షరం B) ఆప్షన్‌కి 10 ఇవ్వండి. చిప్ పలికాక క్లాక్ ఫ్యూజ్ (చిప్‌లో నిలిచి ఉండే సెట్టింగ్) మార్చుకుని మామూలు వేగానికి రావచ్చు. ఫ్యూజ్‌లు మార్చేటప్పుడు రీసెట్ పిన్‌ని ఆపేసేదాన్ని మాత్రం ముట్టుకోకండి. అది పడితే ఐఎస్‌పీతో, అంటే మీ యూఎస్‌బీఏఎస్‌పీ వాడే పద్ధతితో, ఆ చిప్ ఇక అందదు, 12 వోల్టుల హై వోల్టేజ్ ప్రోగ్రామర్ కావాల్సి వస్తుంది.